గ్యారంటీ ఇచ్చిన గోడకు మళ్లీ చెమ్మ: ఎవరిపై కేసు వేయాలి?

ప్రశ్న: పాత రాతి ఇల్లు కొని బాగుచేయించుకుంటున్నాం. నేలమాళిగ గోడలకు చెమ్మ ఉంటే కాంట్రాక్టర్ లోపలివైపు సిమెంట్ ప్లాస్టరింగ్, దానిపై వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి 5 ఏళ్ల గ్యారంటీ రాసిచ్చారు. ఒక్క వర్షాకాలానికే పెచ్చులూడి ఉప్పు తేలింది. పక్కింటి నీళ్లు దిగుతున్నాయి, తప్పు తనది కాదంటున్నారు. ఇల్లు అమ్మినవారూ చెమ్మ సంగతి చెప్పలేదు. ఎవరిని అడగాలి?

జవాబు: నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేలితే ఎవరిని అడగాలో తేలుతుంది. అప్పటిదాకా ఆ ప్లాస్టరింగ్ కొట్టించకండి. ఊడిన పెచ్చులే మీ సాక్ష్యం. ఫొటోలు తీయండి, బిల్లులు, వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. ఫలానా రోజు వచ్చి చూసుకోమని కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అదే రోజు సివిల్ ఇంజనీరుతో పరీక్ష చేయించి నివేదిక రాయించుకోండి. ఆయన రాకపోయినా పిలిచినట్టు రికార్డు ఉంటుంది.

నివేదిక ఒక్కటి తేల్చాలి: ఆ తడి మట్టిలోంచి గోడ గుండా వస్తోందా, ఏదైనా పైపు లీకవుతోందా, లేక గాలిలోని తేమే చల్లటి గోడపై నీరవుతోందా? చివరిదే కారణమైతే మీ కేసు చాలావరకు పలచబడుతుంది.

మట్టిలోంచే అయితే 'పక్కింటి నీళ్లు' అనే వాదన నిలవడం కష్టం. మట్టిలోని నీటిని ఆపుతాననే కదా ఆయన డబ్బు తీసుకున్నది! సున్నంతో కట్టిన పాత రాతి గోడలు పీల్చిన తడిని లోపలి ముఖం నుంచి ఆరబెట్టుకుంటాయి. ఆ ముఖాన్ని సిమెంటుతో మూసేస్తే నీళ్లు ఆగవు. ఉప్పు వెనకే పేరుకుని పూతను నెట్టేస్తుంది. గ్యారంటీ ఇచ్చే మనిషికి ఇది తెలిసుండాలి. అయితే గ్యారంటీ కాగితం అక్షరం అక్షరం చదవండి. 'మెటీరియల్‌కు మాత్రమే' అని ఉందా? బయట డ్రెయిన్ వేయించమని ఆయన రాతపూర్వకంగా చెబితే, ఖర్చని మీరే వద్దన్నారా? అలాగైతే నేను అంత ధీమాగా చెప్పలేను.

డబ్బు తీసుకుని చేసే మరమ్మతు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. లోపం బయటపడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించినది 50 లక్షల వరకైతే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, 5 లక్షల వరకు ఫీజు లేదు. మీరుండే చోటే వేయవచ్చు. పరీక్ష అయ్యాక మాత్రం నష్టం పెరగకుండా చూసుకోండి. ఆపగలిగిన నష్టాన్ని ఆపకపోతే పరిహారం లెక్కలో అది మీకే ఎదురవుతుంది (కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 73).

అమ్మినవారిపై నాకు పెద్ద ఆశ లేదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం వారికి తెలిసి, మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్నే చెప్పి తీరాలి. నేలమాళిగలో చెమ్మ కంటికి కనిపించేదే. చెక్క పలకలతోనో కొత్త రంగుతోనో కప్పేశారని రుజువుంటే వేరే సంగతి. అప్పుడు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

పక్కింటివారి నేలలోంచి వాననీరు సహజంగా ఇంకి వస్తే అది వారి తప్పు కాదు. వారి పైపో సెప్టిక్ ట్యాంకో కారుతుంటే ఆపించమని దావా వేయవచ్చు. స్థలాన్ని చూసి రావడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని కోరవచ్చు.

ఇక డ్రెయిన్ కోసం గోడ వెంట బయట తవ్వాలనుకుంటే ఒకేసారి పొడవునా తవ్వించకండి. పాత రాతి గోడల పునాదులు తరచూ లోతు తక్కువగా ఉంటాయి. పక్కవారి నేలకున్న ఆసరా తప్పి అది కుంగితే వారే మీపై కేసు వేయగలరు. ఇంజనీరు చెప్పినట్టు ముక్కలుముక్కలుగా తవ్వించండి, మొదలుపెట్టే ముందే వారికి రాతపూర్వకంగా తెలియజేయండి.