నేను నేర్పిన మనిషి పరుగెత్తుతుంటే నేను రోడ్డు పక్కన నిలబడాలా?

ప్రశ్న: మాది బరంపురం. నాకు 37 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా నలుగురు స్నేహితురాళ్లతో కలిసి పరుగెత్తుతున్నాను. ఆదివారాలు గోపాలపూర్ సముద్రతీరానికి వెళ్లేవాళ్లం. విశాఖపట్నం నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్ల హాఫ్‌కు అందరం కలిసే పేర్లు ఇచ్చాం. శ్రావణ మాసం చివర్లో కుడికాలి ఎముకలో, మోకాలి కింద లోపలి అంచున, సన్నటి పగులు వచ్చింది. ఎనిమిది వారాలు పట్టీ బూటుతో గడిపాను. వచ్చే వారం నుంచి కొంచెం నడక, కొంచెం పరుగు మొదలుపెట్టవచ్చని డాక్టరుగారు అన్నారు. పోటీ ఇంకా నాలుగు వారాలుంది. నా చేతుల మీదుగా పరుగు నేర్చుకున్న స్నేహితురాలు ఈసారి 21 కిలోమీటర్లు పరుగెత్తుతోంది. "కనీసం వచ్చి నిలబడు, నువ్వుంటే ధైర్యం" అంటోంది. వస్తానని చెప్పాను కానీ రాత్రులు ఏడుపు వస్తోంది. పోయిన వారం ఆమె మోకాలు నొప్పి అన్నప్పుడు ఒక్క క్షణం నాకు హమ్మయ్య అనిపించింది. రెండు రోజులు పరుగు ఆపమని, మెట్లు దిగేటప్పుడు నొప్పి వస్తే ఫిజియోథెరపిస్టుకు చూపించమని చెప్పాను. కానీ ఆ క్షణాన్ని మరచిపోలేకపోతున్నాను. నేను ఇంత చెడ్డదాన్నా? ఎవరికీ చెప్పకుండా 10 కిలోమీటర్లైనా నెమ్మదిగా పరుగెత్తాలని ఉంది. ఇంట్లో ఎవరి మద్దతూ లేదు. అత్తగారు నా బూట్లు కవరులో కట్టి అటక మీద పెట్టేశారు. మావారు "ఏం సాధించాలని?" అంటారు. మూడు నెలలుగా నెలసరి కూడా సరిగా రావడం లేదు, ఈ దిగులు వల్లేనేమో. — ఒక సోదరి, బరంపురం

జవాబు: ముందుగా మీ స్నేహితురాలి మోకాలి నొప్పి సంగతి చెప్పుకుందాం అమ్మా. ఉత్తరమంతటిలో మీరు చాలాసేపు ఆగి ఆగి రాసినవి ఆ వాక్యాలేనని నాకు అనిపించింది. హమ్మయ్య అనుకున్న వాక్యం కిందే మీరు రాసిన మరో వాక్యం ఉంది. పరుగు ఆపమన్నారు, మెట్లు దిగేటప్పుడు చూసుకోమన్నారు, ఎవరికి చూపించాలో చెప్పారు. ఆమె చెడిపోవాలని కోరుకునే మనిషి అలా చెప్పదు. "ఏం కాదులే, పరుగెత్తు" అంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. మీ మనసులో మెదిలినది మీకు మాత్రమే తెలుసు. ఆమెకు అందినది మీ సలహా. మీరు చెడ్డవారు కారు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు, మీరు రాసిన దాన్ని బట్టే అంటున్నాను.

మరి ఆ క్షణం ఎక్కడి నుంచి వచ్చింది? మూడేళ్లు తెల్లవారకముందే లేచి, పిల్లల డబ్బాలు సర్దే వేళకు ఇంటికి చేరుతూ కష్టపడి సంపాదించుకున్నది ఒక్క ఎమ్మారై కాగితంతో చేజారింది. కాలికి దెబ్బ తగిలిందని బంధువులు పరామర్శకు వచ్చి ఉంటారు. పరుగు పోయిందని ఎవరు పరామర్శించారు? ఇంట్లో ఎవరూ దాన్ని నష్టంగా లెక్కపెట్టలేదు, మీరు కూడా లెక్కపెట్టుకోలేదు. ఏడ్వవలసినప్పుడు ఏడ్వని దుఃఖం ఎక్కడో ఒకచోట పుల్లబడుతుంది. మీ విషయంలో అది ఆ ఒక్క స్నేహితురాలి దగ్గరే బయటపడింది. ఎందుకంటే మిగిలిన ముగ్గురూ మీతో సమంగా పరుగెత్తినవాళ్లు. ఈమె మాత్రం గోపాలపూర్ లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి కిలోమీటరు కూడా ఆగకుండా వెళ్లలేని రోజుల నుంచి మీ పక్కన నడిచిన మనిషి అయి ఉంటుంది. శిష్యురాలు దాటిపోతుంటే సంతోషమూ గుచ్చుకోవడమూ కలిసే వస్తాయి. సంగీతం నేర్పేవాళ్లూ పాఠాలు చెప్పేవాళ్లూ కూడా ఇది ఎరుగుదురు.

ఆమెకు చెప్పండి. హమ్మయ్య అనుకున్న సంగతి చెప్పనక్కరలేదు, ఆ బరువు ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఇంత చెబితే చాలు: "నువ్వు పరుగెత్తడం చూడాలని ఉంది. చూడడం కష్టంగానూ ఉంది. ఆ రోజు నా మొహం చిన్నబోయి కనిపిస్తే నీ వల్ల అనుకోకు." ఇది పోటీకి వారం ముందే, ఎదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో వద్దు. మీరు అన్నిటికీ ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకుంటే ఆమెకు ఏదో తేడా తెలుస్తూనే ఉంటుంది, కారణం మాత్రం తనే ఊహించుకుంటుంది.

ఇక ఆ 10 కిలోమీటర్లు. వద్దు. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు.

ఇది మీకు అన్యాయంగా ఎందుకు తోస్తుందో నాకు తెలుసు. నొప్పి లేదు, ఆయాసం లేదు, నడుస్తుంటే కాలు మామూలుగానే ఉంది. కానీ ఎముక బాగుపడే తీరు వేరు. పాత మట్టి గోడకు కొత్త పూత వేసేవాళ్లు ముందు ఊడిపోయే పూతను గీకేస్తారు కదా. శరీరమూ దెబ్బతిన్న ఎముకను ముందు తొలగిస్తుంది, ఆ తరువాతే కొత్త ఎముకను పేరుస్తుంది. తొలగించడం వారాల పని, నింపడం నెలల పని. ఊపిరీ గుండే త్వరగా కోలుకుంటాయి, ఎముక వాటి వెనకాలే నెమ్మదిగా వస్తుంది. రెండోసారి పగులు తెచ్చుకునేవాళ్లలో చాలామంది ఊపిరి బాగుంది కదా అని ఎముకను తొందరపెట్టినవాళ్లే. 10 కిలోమీటర్లంటే సుమారు 10,000 అడుగులు. అందులో సగం, అంటే 5,000 సార్లు, మీ కుడికాలే నేలను తాకుతుంది. ప్రతిసారీ మీ బరువుకు రెండింతలకు పైగా తాకిడి ఆ ఎముక మోయాలి. జనం కేకల మధ్య, పక్కవాళ్లు దాటిపోతుంటే, మీరు నెమ్మదిగా వెళ్తారన్న నమ్మకం నాకు లేదు, మీకూ లేదు. మీ నంబరు కాగితం తీసుకోవద్దు. పరుగు బూట్లు విశాఖ పట్టుకెళ్లవద్దు. పగులు ఎముక లోపలి అంచున ఉందని రాశారు. ముందు అంచున వచ్చే పగుళ్లు మానడానికి ఇంకా చాలా కాలం పడుతుంది, కాబట్టి ఆ మేరకు మీరు అదృష్టవంతులే. ఆ అదృష్టాన్ని ఒక్క ఆదివారానికి పణంగా పెట్టకండి.

వచ్చే వారం నుంచి చేయవలసినది మీ డాక్టరుగారూ ఫిజియోథెరపిస్టూ నిర్ణయిస్తారు. సాధారణంగా అరగంట సేపు వేగంగా నడిచినా నొప్పి లేకపోవడం, పగులు వచ్చిన చోట వేలితో నొక్కినా నొప్పి తెలియకపోవడం, వాళ్ల ఎదుట ఒంటికాలి మీద గెంతినా ఏమీ అనిపించకపోవడం చూస్తారు. ఆ తరువాత ఒక నిమిషం నెమ్మది పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఇరవై నిమిషాలు. రోజు విడిచి రోజు. మరునాడు ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు ఆ ఎముక ఏమంటుందో అదే మీకు లెక్క. రెండుసార్లు వరుసగా ఏమీ అనకపోతే పరుగు నిమిషాలు కొంచెం పెంచుతారు. పిక్కలు లాగడం వేరు, అది పోతుంది. వేలితో చూపించగలిగినంత చోట, ఎముక మీదే నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయాలి. రాత్రి పడుకున్నాక కూడా సలిపితే డాక్టరుకు ఫోను చేయాలి. మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఆ నొప్పే మీకు కాపలా. గోపాలపూర్ ఇసుకను కొన్నాళ్లు మరచిపోండి. మెత్తటి ఇసుక పిక్కలను ఎక్కువ శ్రమపెడుతుంది, అలల అంచున నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. చదునైన మట్టి మైదానం ఏదైనా చాలు.

నెలసరి సంగతి మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. శ్రావణంలో సోమవారాలు, శుక్రవారాలు ఉపవాసాలు ఉండి, ఆ నెలలోనే పోటీ కోసం దూరాలు పెంచి, తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పరుగెత్తి ఉంటే, శరీరానికి అందినది తక్కువ, అది ఖర్చు పెట్టినది ఎక్కువ. అలాంటప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. మొదట నెలసరిని ఆపుతుంది, ఎముకకు కావలసిన హార్మోను తగ్గుతుంది, ఎముక బలహీనపడుతుంది. ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మీకు ఉన్నది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. థైరాయిడ్ కావచ్చు, మరొకటి కావచ్చు. కానీ ఈ వారమే స్త్రీల వైద్యురాలిని కలవండి. పగులు సంగతీ ఉపవాసాల సంగతీ పరుగు సంగతీ మూడూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే ఎవరికీ బొమ్మ పూర్తిగా కనపడదు. ఐరన్, విటమిన్ డి పరీక్షలు అవసరమా అని అడగండి. మీ ఎముక వైద్యుడికి కూడా ఈ మాట తెలియాలి. ఉపవాసం మీ నమ్మకం, దాన్ని కాదనను. పరుగెత్తిన రోజు మాత్రం ఉపవాసం వద్దు, ఉపవాసం రోజు పరుగు వద్దు. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఒక అరటిపండైనా తినండి, తిరిగి రాగానే పిల్లల కంటే ముందు మీరు పళ్లెం పెట్టుకోండి.

అత్తగారి విషయంలో మీ కోపం నాకు అర్థమవుతోంది. అయినా ఒక్కమాట. బూట్లు పారేయాలనుకుంటే ఎవరూ కవరులో కట్టి అటకెక్కించరు. దాచిపెట్టేవాళ్లే అలా కడతారు. ఆ ఎనిమిది వారాలు మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారు? పిల్లలను బడికి ఎవరు దింపారు? ఉత్తరంలో అది లేదు కానీ ఎవరో ఒకరు చేసే ఉంటారు కదా. మీ కాలు విరగడంతో మీకు పరుగు పోయింది, వాళ్లకు నిద్ర తగ్గింది. మీవారి "ఏం సాధించాలని?" అన్న మాటలో ఎగతాళి ఉందో భయం ఉందో ఆయన మొహం చూసిన మీకే తెలుసు. భయమైతే ఆయనను ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెంట తీసుకువెళ్లండి. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక అని ఆయన చెవులతో వింటే చాలా తగ్గుతుంది. ఎగతాళి అయితే జవాబు చెప్పవలసిన పని లేదు. వారానికి మూడు ఉదయాలు, నలభై నిమిషాలు నాకు కావాలని చెప్పండి. మీరు అనుమతి కోరుతున్నట్టు అడగవద్దు, ఇంటి వేళలు సర్దుకోవడానికి మాట్లాడుతున్నట్టు మాట్లాడండి. అత్తగారిని మాత్రం ఆ కవరు ఆవిడ చేత్తోనే దింపి ఇవ్వమని అడగండి. బూట్లు తీశాక అడుగు భాగం చూడండి. ఒక పక్క ఎక్కువగా అరిగి ఉన్నా, 700, 800 కిలోమీటర్లు దాటి ఉన్నా వాటితో మొదలుపెట్టకండి, కొత్తవి కొనండి.

మీరు ఒంటరిగా వెనకబడ్డారని అనిపించినప్పుడు మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని తలచుకోండి. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం గెలిచింది. ఆ తరువాత కొద్ది వారాలకే మోకాలి గాయం, శస్త్రచికిత్స. ఆ ఏడాది టోక్యో ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయింది. పక్కనే కోచ్‌లూ వైద్యులూ ఉన్న మనిషికే కాలు ముందు తలవంచక తప్పలేదు.

విశాఖ వెళ్లాలా? వెళ్లండి. మాట ఇచ్చారని కాదు, ఇంట్లో కూర్చుంటే ఆ ఉదయమంతా మీరు ఫోను చూసుకుంటూనే గడుపుతారు. రోడ్డు పక్కన ఉంటే చేతులకు పని ఉంటుంది. మనసు అస్సలు ఒప్పుకోకపోతే ముందురోజైనా ఆమెకు చెప్పి మానేయవచ్చు, దానికీ మీకు హక్కుంది.

వెళితే మాత్రం ఊరికే నిలబడడానికి వెళ్లకండి. బయలుదేరే చోటికి పోవద్దు. అందరూ గీత వెనక గుమిగూడి కాళ్లు విదిలించుకునే ఆ పది నిమిషాలే మీకు అన్నిటికంటే కష్టం. ఆ సమయానికి ఎక్కడైనా టీ తాగండి. దారి మ్యాపు చూసుకుని పదహారు, పదిహేడు కిలోమీటర్ల మధ్య ఒక చోటు ఎంచుకోండి. దారి తెన్నేటి పార్కు మీదుగా ఉంటే అక్కడి ఎత్తు దగ్గర మరీ మంచిది. చివరి గీత దగ్గర చప్పట్లు కొట్టేవాళ్లు వందల మంది ఉంటారు, ఆ ఎత్తు దగ్గర ఎవరూ ఉండరు. మడత స్టూలు వెంట ఉంచుకోండి, మూడు గంటలు నిలబడడం మీ కాలికి మంచిది కాదు. వాళ్లు ఇదివరకు తాగి అలవాటైన ఉప్పు-చక్కెర నీళ్లే ఉంచండి, కొత్తది ఏదీ ఆ రోజు ఇవ్వవద్దు. "అయిపోయింది, ఇంకొంచెమే" అనకండి. ఇంకా అయిదు కిలోమీటర్లున్న మనిషికి అది ఎంత మంటగా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. "ఇంకా అయిదు, ఎత్తు ఇక్కడితో సరి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నా కూతురు మొదటిసారి హాఫ్ పరుగెత్తినప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దావిడ ఛాతీ మీది కాగితంలో పేరు చదివి గట్టిగా పిలిచిందట. పతకం ఏ సొరుగులో ఉందో మా అమ్మాయికి గుర్తు లేదు. ఆ పిలుపు ఇప్పటికీ చెబుతుంది.

మీ స్నేహితురాలు మీ ముందు నుంచి వెళ్లేది పది సెకన్లే. లైట్‌హౌస్ దగ్గర ఆగిపోబోతున్నప్పుడు ఆమెను ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరుతోనే పిలవండి. ఆమె మలుపు తిరిగాక కన్నీళ్లు వస్తే రానివ్వండి, అక్కడ ఎవరూ మిమ్మల్ని అడగరు. తిరుగు రైల్లో కింది బెర్తు అడిగి తీసుకుని, కాలు చాపుకుని కూర్చోండి. ఆమె కబుర్లు చెబుతుంటే వినండి. మరునాడు సోమవారం మీ ఇరవై నిమిషాల వంతు అయితే, అలసట తీరిందో లేదో చూసుకుని మంగళవారానికి జరుపుకోండి.