మీ ప్రశ్న – మా జవాబు: పాత సీరియళ్ల బైండింగు, కొలువు బొమ్మలు, సాయంత్రం చదువు

ప్రశ్న: మా అత్తగారు ఏళ్ల తరబడి వారపత్రికల నుంచి తీసి దాచిన సీరియళ్లు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. కొన్ని ఇంకా పత్రికల్లోనే ఉన్నాయి. పిన్నులు తుప్పు పట్టాయి. బయట బైండింగుకిస్తే పేజీలు తారుమారవుతాయని ఆవిడ భయం. సెలవుల్లో పిల్లలతో కలిసి ఇంట్లోనే చేసుకోవచ్చా?
— ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. మీ అత్తగారి భయమూ నిజమే. సీరియల్ పేజీ మీద పేజీ నంబరే ఉంటుంది, ఏ సంచికలోదో చాలాసార్లు ఉండదు. కాబట్టి పత్రికలోంచి తీయకముందే ప్రతి పేజీ కింది మూలన సంచిక తేదీ పెన్సిలుతో రాయించండి. విడిపోయిన పేజీలను కథ తెలిసిన మీ అత్తగారే వరుసలో పెట్టాలి. ఆ పని ఆవిడ తప్ప ఇంకెవరూ చేయలేరు. తేదీలు రాయడం, లెక్క చూడడం పిల్లలకివ్వండి. దొరకని వారం చోట ఒక తెల్లకాగితం పెట్టి, ఆ వారం కథ ఆవిడ చెబుతుంటే పిల్లల చేత రాయించండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఎప్పుడైనా ఆ సంచిక దొరికితే అప్పుడు మార్చుకోవచ్చు.

వారపత్రికకు పిన్నులు మధ్యలో ఉంటాయి. వాటిని లాగితే తుప్పు పట్టిన చోట కాగితం ఊడొస్తుంది. పత్రికను నడిమికి తెరిచి, పిన్ను కాళ్లను మొద్దు చాకుతో నిటారుగా లేపి, వెనకనుంచి బయటికి తీయాలి. ఆ తర్వాత చాలామంది మడత దగ్గర చింపేస్తారు. అక్కడే బైండింగు చెడుతుంది, ఎందుకంటే కుట్టుకు జాగా మిగలదు, పంక్తుల మొదళ్లు కుట్టులోకి పోతాయి. మడత దాటాక అవతలి పేజీలోంచి 2 సెం.మీ. పట్టీ వదిలి స్కేలు పెట్టి కత్తిరించండి. ఆ పట్టీలోనే కుట్టు పడుతుంది, అక్షరం జోలికి పోదు. ఇప్పటికే చింపేసిన పేజీలకు 3 సెం.మీ. పలచని కాగితం పట్టీని 1 సెం.మీ. మేర అంటించండి. పట్టీ దళసరిదైతే వంద పేజీలయ్యేసరికి వీపు (కుట్టు పడే అంచు) ఉబ్బి, పుస్తకం గుమ్మటంలా తయారవుతుంది.

బంకకు 50 గ్రాముల మైదా, 300 మి.లీ. నీళ్లు చాలు. ముందు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ 7, 8 నిమిషాలు ఉడికించాలి. తెల్లదనం పోయి గాజులా మారితే ఉడికినట్టు. పచ్చి మిగిలితే ఆరాక పొడిపొడిగా రాలుతుంది. బైండింగువాళ్లు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో వద్దు. ఎప్పటికప్పుడు కొద్దిగా కాచుకుని, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి.

పేజీల దొంతరను వీపువైపు, తలవైపు బల్లమీద తట్టి సమం చేయండి. దొంతర 1.5 సెం.మీ. మించితే రెండు సంపుటాలు చేయడం మంచిది, లేకపోతే నడిమి పేజీలు తెరుచుకోవు. ముందూ వెనకా ఒక్కో దళసరి కాగితం పెట్టి, రెండు చెక్కల మధ్య బిగించండి. వీపు అంచు నుంచి 8 మి.మీ. లోపలికి గీత గీసి, దాని మీద సమదూరంలో 5 రంధ్రాలు సన్నమేకుతో కొట్టాలి. ఇది పెద్దవాళ్ల పని. చివరి రంధ్రాలు పైనుంచీ కిందనుంచీ 2 సెం.మీ. ఎడంగా ఉండాలి. మిషను దారం నాలుగు పేటలు వేసి, కొవ్వొత్తికి రాసి, పుస్తకం ఎత్తుకు నాలుగింతల పొడవు దబ్బనానికెక్కించండి. మొదటి రంధ్రంలో కిందికి దిగి, పైకీ కిందికీ వెళ్తూ అయిదోదానికి చేరి, వదిలేసిన ఖాళీలన్నీ నింపుతూ తిరిగి మొదటిదానికి వస్తే రెండు కొసలూ ఒకేచోట కలుస్తాయి. ముడి అక్కడే.

అట్టకు 2 మి.మీ. స్ట్రాబోర్డు సరిపోతుంది. దాన్ని రెండు వైపులా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో ఆ మడత వీపుకు సమాంతరంగా ఉండేలా కోయించాలి. అడ్డం కోసిన అట్ట ఎంత బరువు పెట్టినా వంకర పోతుంది. కుట్టుగీత దాటి 4 మి.మీ. అవతల అట్ట అంచు మొదలవ్వాలి. కుట్టు మీదికి అట్ట ఎక్కితే తెరిచినప్పుడల్లా దారాన్ని లాగుతుంది. పైన కాలికో (బైండింగుకు వాడే నూలు) గుడ్డ అంటించి, నాలుగు పక్కలా 2 సెం.మీ. లోపలికి మడవండి. తడి గుడ్డ ఆరేటప్పుడు అట్టను తనవైపు లాగుతుంది. ఆ లాగుడుకు సరిజోడుగా లోపలివైపు కాగితం అదే పూట అంటించాలి, మర్నాటికి వదలకూడదు. అట్టకూ పేజీలకూ మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టి, ఇటుకలు పేర్చి రాత్రంతా ఉంచండి. వానాకాలంలో రెండు రోజులు. ఫ్యాను కింద ఆరబెడితే మాత్రం అప్పడంలా ముడుచుకుంటుంది.

చిరుగులకు సెలోటేపు వేయకండి. నాలుగేళ్లకు దాని జిగురు కారి కాగితానికి పచ్చమరక దిగుతుంది, మళ్లీ పోదు. చందమామ లాంటి పలచటి మాసపత్రికలైతే పని ఇంకా తేలిక. పిన్నులు తీసిన రంధ్రాల్లోంచే మడత మీద దారంతో కుట్టేయొచ్చు, ఏదీ కత్తిరించక్కర్లేదు.

ప్రశ్న: బీరువాలో పుస్తకాలు తెరిస్తే వెండిలా మెరిసే పురుగు జారిపోతోంది. కలరా ఉండలు వేస్తున్నా తగ్గడం లేదు. పిల్లలు ఆ పుస్తకాలే చదువుతారు. ఏం చేయాలి?
— ఓ పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: ఆ పురుగుకు కావలసింది చెమ్మ, పిండిపదార్థం. పుస్తకం వీపుకు రాసిన మైదా బంకే దానికి భోజనం. బీరువా స్నానాలగది గోడకు ఆని ఉంటే ముందు అక్కడినుంచి మార్చండి. ఏ గోడకైనా 5 సెం.మీ. ఎడం ఉంచండి, పుస్తకాలను మరీ బిగించి పేర్చకండి. కలరా ఉండలు పిల్లల గదిలో వద్దు. పుట్టుకతో జీ-6-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఆవిరి వల్ల ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి. పచ్చి వేపాకు పెట్టడం ఇంకా చేటు, ఆకు చెమ్మ కాగితానికి ఎక్కుతుంది.

పురుగు పట్టిన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు ఒక రోజంతా విప్పకూడదు. విప్పితే మన గాలిలోని చెమ్మ చల్లటి కాగితం మీద నీరై పేరుకుంటుంది. మే నెల ఎండలో ఆరబెట్టే అలవాటు మానుకోండి. పురుగు నీడలోకి పారిపోతుంది, కాగితం మాత్రం పచ్చబడి పెళుసెక్కుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి చూపు తగ్గింది, చదవలేకపోతున్నానని దిగులు. మా అమ్మాయి ఇంగ్లీషు మీడియం ఏడో తరగతి, తెలుగు కూడబలుక్కుంటుంది. ఇద్దరినీ కలిపి చదివించే దారి ఉందా?
— ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అమ్మగారికి వినడం ఒక్కటే మిగల్చకండి. ఏం చదవాలో ఎంచేది, ఒత్తులు దిద్దేది, నిన్న కథ ఎక్కడ ఆగిందో చెప్పి మొదలుపెట్టించేది ఆవిడే కావాలి. మీ అమ్మాయి పాత్రల మాటలు చదవాలి, మధ్యలో కథనం మీరు చదవాలి. మాటలు పొట్టిగా ఉంటాయి, రోజూ ఇంట్లో వినేలాగే ఉంటాయి కాబట్టి నాలుక తొందరగా తిరుగుతుంది. నెల గడిచాక ఒక్కో పేరా కథనం కూడా అమ్మాయికే అప్పగించండి.

కూడబలుక్కోవడానికి కారణం చాలావరకు అక్షరాలు రాకపోవడం కాదు. తెలుగులో మాటలు కలిసిపోయి పొడుగవుతాయి. ‘వెళ్లిపోవాలనుకుంటున్నప్పుడు’ అన్నది కనిపించగానే బిడ్డ మొదటి అక్షరం నుంచి ఒక్కొక్కటే ఏరుకుంటుంది, చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. ‘వెళ్లిపోవాలి – అనుకుంటున్న – అప్పుడు’ అని నోటితో విడదీసి చూపించి, మాట మీద సన్నగా పెన్సిలు గీతలు పెట్టండి. ముందురోజు రాత్రి రేపటి రెండు పేజీలకు గీతలు పెట్టి ఉంచితే చాలు. కొన్నాళ్లకు గీతలు తనే పెడతానంటుంది. తప్పు చదివిన ప్రతిసారీ ఆపకండి. వాక్యం అయ్యాక అమ్మమ్మ ఆ మాటను మామూలుగా ఒకసారి పలికితే సరిపోతుంది.

రోజుకు 20 నిమిషాలు మించొద్దు. భోజనాలకు ముందు పెట్టుకోండి, తిన్నాక పెద్దవాళ్లకు కునుకు వస్తుంది. అమ్మగారి చేతికి చిక్కుళ్లకు ఈనెలు తీయడమో పూలు కట్టడమో ఇస్తే వినడం బాగా నిలుస్తుంది. కథ మంచి పట్టులో ఉండగా ఆపితే మర్నాడు ఎవరూ పిలవనక్కర్లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది బెజవాడలోనే. అక్షరాలు రానివాళ్లకు చదివి వినిపించడం ఆనాటి గ్రంథాలయాల పనుల్లో ఒకటి. మీ ఇంట్లోనూ అది మొదలవ్వడం మాకెంతో సంతోషం.

ప్రశ్న: ఈసారి సంక్రాంతి బొమ్మల కొలువులో పిల్లలు చేసిన బొమ్మలు కొన్నయినా ఉండాలని ఉంది. కొండపల్లి బొమ్మల్లా మక్కుతో ఇంట్లో చేయగలమా?
— ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కొండపల్లిలో బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ చెక్కుడు ఇంట్లో ఒక నెలలో వచ్చేది కాదు. మక్కు మాత్రం వస్తుంది. న్యూస్‌పేపరును గట్టిగా చుట్టి, దారంతో కట్టి లోపలి ఆకారం చేసుకుని, పైన మక్కు వేయండి. ధనుర్మాసం పట్టగానే మొదలుపెడితే భోగికి తీరిగ్గా అందుతాయి.

పావుకిలో చింతగింజలు ఇనపమూకుడులో వేయించి, పొట్టు పగిలాక దంచి చెరగండి. పప్పు రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. పలుకు మిగిలితే బొమ్మ మీద గరుకుగా తేలుతుంది. ఇంచుమించు ముప్పావు లీటరు నీళ్లలో సన్నసెగన చిక్కటి గంజిలా అయ్యేదాకా ఉడికించి, చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కొద్దికొద్దిగా కలుపుతూ చపాతీ పిండిలా పిసకండి. పిల్లలకు ఇదే ఇష్టమైన ఘట్టం. పొట్టు మామూలు కర్ర కోసే అడితి నుంచే తేవాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టులో రసాయన జిగురుంటుంది, అది చేతులకు తగలకూడదు.

ఒక పొర 3 మి.మీ. మించకూడదు. బొమ్మలు పగిలేది ఇక్కడే. తొందరపడి ఒకేసారి మందంగా వేస్తే పైభాగం ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి తర్వాత ఆరుతూ కుంచించుకుంటుంది, నడుమ నెర్రెలు వస్తాయి. పొరకు ఒక రోజు నీడన ఆరనివ్వండి. వచ్చిన నెర్రెల్లో పలచటి మక్కు రుద్దండి. పూర్తిగా ఎండాక ముందు 120, తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో సాపు చేయాలి. తాతగారు ఉంటే ఈ పని వారికివ్వండి, ఓపిక కావాలి.

రంగుకు ముందు తెల్లపూత తప్పనిసరి. 100 మి.లీ. నీళ్లలో 25 గ్రాముల తుమ్మబంక నానబెట్టి, వడకట్టి, సుద్దపొడి కలిపి రెండు పూతలు వేయండి. వేలితో రుద్దితే తెలుపు అంటుకుంటే బంక తగ్గినట్టు. పూత మెరుస్తూ రంగును జారవిడుస్తుంటే బంక ఎక్కువైనట్టు. దాని మీద పోస్టర్ రంగులు, అవి ఎండాక వార్నిష్.

ప్రశ్న: మావారికి ఎలక్ట్రానిక్స్ సరదా. డైనింగ్ టేబుల్ మీదే టంకం వేస్తుంటారు. మా బాబు (9 ఏళ్లు) తానూ చేస్తానంటాడు. పర్వాలేదా?
— ఓ పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బాబు చేయొచ్చు, ఆ టేబుల్ మీద మాత్రం వద్దు. మామూలు టంకంలో సీసం ఉంటుంది. అది పొగలోకంటే చేతులనుంచి నోట్లోకి పోవడం వల్లే ఎక్కువ ప్రమాదం. కిటికీ పక్కన విడిగా ఒక చెక్క పెట్టించండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. సీసం లేని టంకం దొరుకుతుంది. కాస్త ఎక్కువ వేడి కావాలి, అంతే తేడా.

తొమ్మిదేళ్లవాడు సోల్డరింగ్ ఐరన్ పట్టక్కర్లేకుండా మొదటి సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు (తీగలు గుచ్చి కలిపే రంధ్రాల పలక) మీద పూర్తవుతుంది. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, కరెంటును అదుపు చేసే 470 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. డబ్బాలోంచి 470ని సూచించే పసుపు, వంకాయరంగు, గోధుమ గీతలున్న రెసిస్టర్ వెతికి పట్టడం బాబు పని. రెసిస్టర్ లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే ఎల్‌ఈడీ ఒక్క క్షణం వెలిగి కాలిపోతుంది. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు. వెలగకపోతే ముందు కాళ్లు తిప్పి పెట్టి చూడమనండి, తర్వాతే బ్యాటరీని అనుమానించాలి.