ఒలింపిక్ ఛాంపియన్‌కి ప్రభుత్వంలో క్రీడల బాధ్యత ఇస్తే ఏమవుతుంది? జపాన్‌లో నేను చూసింది

మీ ప్రశ్న సూటిగా ఇది కదా: ఈతలో ఒలింపిక్ గోల్డ్ కొట్టిన మనిషిని తీసుకొచ్చి ప్రభుత్వంలో క్రీడల బాధ్యత అప్పగిస్తే ఏమైనా ఒరుగుతుందా, లేక రిబ్బన్ కటింగులకీ ఫొటోలకీ తప్ప పనికిరారా అని.

ఒరుగుతుంది. జపాన్‌లో ఉంటూ కళ్ళారా చూశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. అయితే మెడల్ ఒక్కటే చూసి కుర్చీ ఇస్తే మాత్రం మీరు భయపడుతున్నట్టే అవుతుంది. మెడల్ గెలిచిన రోజుకీ కుర్చీ ఎక్కిన రోజుకీ మధ్య ఆ మనిషి ఏం చేశాడు, ఆ కుర్చీకి చేతినిండా పని ఉందా, దాని వెనక చట్టమూ డబ్బూ ఉన్నాయా, ఇవి చూడాలి.

ఉద్యోగరీత్యా మేము టోక్యోలో, మనవాళ్ళు బాగా ఉండే నిషికసాయ్ వైపు ఉంటున్నాం. పిల్లల్ని ఇక్కడి ప్రభుత్వ బడిలోనే వేశాం. మేమొచ్చిన కొత్తల్లో, 2015 అక్టోబర్ 1న, జపాన్ ప్రభుత్వం విద్యాశాఖ కింద స్పోర్ట్స్ ఏజెన్సీ అని ఒక కొత్త సంస్థ పెట్టింది. దానికి మొదటి కమిషనర్ డైచి సుజుకి, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ గోల్డ్ మెడలిస్ట్. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న ఒక పెద్దాయన, మామూలుగా పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి, ఆ వార్త చూసి లంచ్ టైమంతా ఆ రేసు గురించే చెప్పాడు.

ఆ రేసు సంగతి తెలిస్తేనే తర్వాతది అర్థమవుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. బ్యాక్‌స్ట్రోక్ అంటే మన వెల్లకిల ఈతే. నీటి పైన చేతులు తిప్పుకుంటూ పోయేకంటే, గోడని బలంగా తన్ని, నీటి అడుగున వెల్లకిలా ఉండి, రెండు కాళ్ళూ కలిపి డాల్ఫిన్ తోకలా కొడుతూ పోతే వేగం ఎక్కువని అప్పట్లో కొందరు స్విమ్మర్లు కనిపెట్టారు. దీన్ని ముందుగా వాడిన జెసీ వసాలో అనే అమెరికన్ పేరు మీద ఇక్కడ దాన్ని 'బసారో' అంటారు. ఊపిరి బిగబట్టి ఎంత దూరం పోగలరన్నదే అసలు పరీక్ష, ఎందుకంటే లోపల మరీ ఎక్కువసేపు ఉంటే పైకొచ్చాక చేతులు కదలవు. సియోల్‌లో హీట్స్ (ఫైనల్‌కి ముందు జరిగే అర్హత రేసులు) అయ్యేసరికి అమెరికాకి చెందిన డేవిడ్ బెర్కాఫ్ 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టేశాడు. సుజుకి హీట్స్‌లో 21 కిక్కులు, దాదాపు 25 మీటర్లు నీటి అడుగున పోయాడు. ఇలాగే ఈదితే గెలవడం కుదరదని కోచ్ యోజి సుజుకి (ఇంటిపేరు కలిసింది, అంతే) ఆయనా కూర్చుని, ఫైనల్‌లో దాన్ని 27 కిక్కులకి, 30 మీటర్లకి పెంచాలని తేల్చుకున్నారు. ఒలింపిక్ ఫైనల్‌లో, పక్క లేన్‌లో ప్రపంచ రికార్డు హోల్డర్ ఉండగా తీసుకున్న నిర్ణయం అది. చివరి కొన్ని మీటర్ల దాకా బెర్కాఫే ముందున్నాడు. గోడ తాకేసరికి సుజుకి 55.05, బెర్కాఫ్ 55.18, సోవియట్ యూనియన్‌కి చెందిన ఇగోర్ పొల్యాన్‌స్కీ 55.20. మొదటి మనిషికీ మూడో మనిషికీ మధ్య 0.15 సెకను తేడా! 1972 మ్యూనిచ్ తర్వాత 16 ఏళ్ళకి ఈతలో జపాన్‌కి వచ్చిన గోల్డ్ అది. ఆ తర్వాత వేసవిలో ఏ పూల్‌లో చూసినా పిల్లలందరూ బసారో కొడుతూ మునిగేవారనీ, కాపలా ఉండేవాళ్ళు విజిల్ వేసి పైకి లేపేవారనీ మా పెద్దాయన చెప్పాడు.

ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య రూల్ మార్చింది. బ్యాక్‌స్ట్రోక్‌లో నీటి అడుగున 10 మీటర్లకి మించి పోకూడదన్నారు, తర్వాత దాన్ని 15 చేశారు, ఇప్పటికీ అదే. అంటే ఆయన ఏళ్ళ తరబడి సాన పట్టుకున్న ఆయుధం ఒక్క కాగితంతో పోయింది. 1992 బార్సిలోనాకి ఆయన క్వాలిఫై కాలేదు, ఆటకి సెలవు చెప్పేశాడు. ఒక రూల్ ఆటగాడి జీవితాన్ని ఎంత మారుస్తుందో ఒంటి మీద అనుభవించిన మనిషి తర్వాత రూల్స్ రాసే చోట కూర్చున్నాడు. ఆయన్ని ఎంచుకోవడంలో నాకు బాగా నచ్చింది ఇదే.

కానీ వెంటనే కూర్చోలేదు, ఇది గమనించండి. రిటైరైన నాటికీ కమిషనర్ అయిన నాటికీ మధ్య ఇరవై ఏళ్ళ పైనే ఉంది. ఆ కాలంలో ఆయన అమెరికాలో కొంతకాలం ఉండి చదువూ కోచింగూ చూశాడు, తను చదివిన జుంటెండో యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పాడు, ఈత జట్టుని నడిపాడు, వైద్య విభాగంలో డాక్టరేట్ చేశాడు, 2013లో ప్రొఫెసర్ అయ్యాడు, అదే ఏడాది జపాన్ స్విమ్మింగ్ ఫెడరేషన్‌కి అధ్యక్షుడూ అయ్యాడు. 48 ఏళ్ళ వయసులో కమిషనర్ పదవి వచ్చేసరికి జట్టు ఎలా నడుస్తుంది, బడ్జెట్ ఎక్కడ ఆగిపోతుంది, ఫెడరేషన్ మీటింగుల్లో ఏం జరుగుతుంది అన్నవన్నీ తెలిసిన మనిషి. సియోల్ నుంచి వచ్చిన మరుసటి సంవత్సరమే ఇచ్చి ఉంటే ఆయనా ఫొటోలకే పరిమితమయ్యేవాడేమో.

ఇక కుర్చీ సంగతి. 2011లో జపాన్ క్రీడల ప్రాథమిక చట్టం చేసింది. 2013లో టోక్యోకి ఒలింపిక్స్ ఖరారయ్యాయి. అంతకుముందు వేర్వేరు శాఖల్లో తలో ముక్కగా ఉన్న క్రీడల పనిని ఒక గొడుగు కిందకి తేవడానికి ఈ ఏజెన్సీ పెట్టారు. మొదట్లో సిబ్బంది సుమారు 120 మంది, అంతే. కమిషనర్ ఎన్నికల్లో గెలిచొచ్చే మంత్రి కాదు, పార్టీ మనిషీ కానక్కర్లేదు. 2016 అక్టోబర్‌లో మేటి ఆటగాళ్ళ తయారీకి ఒక విధానం ప్రకటించారు, దాన్ని అందరూ 'సుజుకి ప్లాన్' అనే పిలిచారు. ఒక ఒలింపిక్స్‌కి కాకుండా తర్వాతి దాన్ని కూడా కలిపి ఒక్కో ఫెడరేషన్ ముందుగానే లెక్క వేసుకోవాలి, దాన్ని నిపుణులు పరిశీలించాలి, మహిళా అథ్లెట్లకీ కొత్తవాళ్ళని వెతకడానికీ విడిగా సాయం ఉండాలి, స్థూలంగా ఇదీ దాని సారం.

మెడల్స్ మాట పక్కన పెడితే, మాలాంటి మామూలు వాళ్ళకి ఈ ఏజెన్సీ పని తెలిసింది బూట్ల వల్ల. ఇక్కడ ఆఫీసుకి సూటు వేసుకుంటే కింద నల్లటి లెదర్ షూ తప్పనిసరి అన్నట్టు ఉండేది. 2018 ప్రాంతంలో ఈ ఏజెన్సీయే స్నీకర్స్ వేసుకుని ఆఫీసుకి నడిచి వెళ్ళండి, రోజూ నడిచేదానికి ఇంకో వెయ్యి అడుగులు, అంటే ఓ పది నిమిషాలు కలిపి 8,000 చేయండి అని ప్రచారం మొదలుపెట్టింది. మా ఆఫీసులో కూడా స్నీకర్స్ వేసుకోవచ్చని మెయిల్ వచ్చింది. మొదట ఎవరూ కదల్లేదు. మేనేజర్ ఒకరోజు సూటు కింద బూడిదరంగు స్నీకర్స్ వేసుకుని వచ్చాక ఒక్కొక్కరే మొదలుపెట్టారు. నేను ఇప్పటికీ ఒక స్టేషన్ ముందే దిగి నడుస్తాను. వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేసే పెద్దవాళ్ళ శాతాన్ని 42.5 నుంచి 65కి తేవాలన్నది 2017లో పెట్టుకున్న లక్ష్యం. సుజుకి ఉండగానే 50 దాటింది కానీ 65 మాత్రం గడువు లోపల అందలేదు. నడకనీ మెట్లెక్కడాన్నీ కూడా లెక్కలో వేస్తున్నారని విమర్శలొచ్చాయి. నాకైతే అవి లెక్కలోకి రావడమే సరైనదనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులతో ఉండే మా అమ్మలాంటి వాళ్ళకి రోజూ మెట్లెక్కడం చిన్న విషయమేం కాదు.

2018 ఇక్కడి క్రీడలకి చాలా చెడ్డ సంవత్సరం. ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, బంతి వదిలేసిన ప్రత్యర్థిని వెనక నుంచి గుద్ది పడేసిన వీడియో రోజంతా టీవీల్లో తిరిగింది. ఆ కుర్రాడు తలవంచుకుని ప్రెస్ ముందుకొచ్చి, కోచ్‌లు చెప్తేనే చేశానని ఒప్పుకున్నాడు. రెజ్లింగ్‌లో వరుసగా నాలుగు ఒలింపిక్ గోల్డ్‌లు గెలిచిన కావొరి ఇచో వేధింపులకి గురైందని తేలింది. బాక్సింగ్, జిమ్నాస్టిక్స్‌లోనూ గొడవలే. వీటన్నిటి తర్వాత 2019 జూన్‌లో ఏజెన్సీ ఫెడరేషన్లకి ఒక పాలనా నియమావళి తెచ్చింది. బోర్డులో మహిళలు కనీసం 40 శాతం, బయటివాళ్ళు కనీసం 25 శాతం లక్ష్యంగా పెట్టుకోవాలి, ఒకే మనిషి పదేళ్ళకి మించి డైరెక్టర్‌గా ఉండకూడదు అన్నవి అందులో ముఖ్యమైనవి. అది చట్టం కాదు, జైలూ జరిమానా లేవు. కానీ పాటిస్తున్నారా లేదా అని నాలుగేళ్ళకోసారి పరిశీలన ఉంటుంది, ఆ ఫలితం అందరికీ తెలుస్తుంది. ఆటగాడికి అన్యాయం జరిగితే ముందు నోరు నొక్కేది బోర్డులో పాతుకుపోయిన పెద్దలే కాబట్టి, పదేళ్ళ పరిమితి ఒక్కటి నిజంగా అమలైనా చాలా మేలని నా నమ్మకం.

అన్నిటికంటే నన్ను కదిలించింది మాత్రం బడిలో ఈత. ఇది సుజుకి తెచ్చింది కాదు, చాలా పాతది. 1955 మేలో షియున్ మారు అనే ఫెర్రీ పొగమంచులో ఇంకో ఫెర్రీని గుద్దుకుని మునిగిపోయి 168 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది విహారయాత్రకి బయల్దేరిన బడిపిల్లలు. ఆ దుఃఖం తర్వాత దేశమంతా బడుల్లో పూల్స్ కట్టుకుంటూ పోయారు. జూన్ వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే హడావిడి: పిల్లల జ్వరం చూసి, పూల్ కార్డులో ఆ డిగ్రీలు రాసి, సంతకానికి బదులు మా ఇంటి ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే ఆ రోజు నీళ్ళలోకి దిగనివ్వరు, గట్టు మీద కూర్చోవడమే. సీజన్ చివర్లో పాత బట్టలూ పాత బూట్లూ పంపమంటారు. వాటితోనే నీళ్ళలోకి దింపుతారు. బట్టలు తడిసి బరువెక్కాక ఈదడం ఎంత కష్టమో పిల్లలకి ఒంటికి తెలియాలని. తర్వాత ఖాళీ ప్లాస్టిక్ సీసాని గుండెకి హత్తుకుని, గడ్డం పైకెత్తి, వెల్లకిలా కదలకుండా తేలుతూ సాయం వచ్చేదాకా ఆగడం నేర్పుతారు. బడుల్లో వ్యాయామ విద్య చూసేది ఈ స్పోర్ట్స్ ఏజెన్సీయే. 2017లో మార్చిన పాఠ్య ప్రణాళికలో అయిదు, ఆరు తరగతుల ఈతలోకి ఇలా వెల్లకిలా తేలడాన్ని ప్రాణరక్షణ కోసం విడిగా చేర్చారు. ఇందులో కమిషనర్ పాత్ర ఎంతో నేను చెప్పలేను గానీ, వెల్లకిల ఈత ఛాంపియన్ ఉన్న ఆఫీసు నుంచి ఆ మార్పు రావడం నాకు సంతోషంగా అనిపించింది.

మేము కృష్ణా కాలువలో నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నాం. ఎవరో ఒక మామయ్య గట్టున ఉండేవాడు. ఇప్పుడు ఆ మామయ్యలు లేరు, బడిలో నేర్పేవాళ్ళూ లేరు, ప్రతి వేసవి సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు పోయారన్న వార్త చదువుతూనే ఉంటాం. క్రీడాధికారి ఎలా ఉండాలని మీరడిగితే, ముందు ఈ వార్త ఆపే పని తనదే అనుకునేవాడు కావాలంటాను.

మన దగ్గర సంగతి కూడా అడిగారు. సింధుకి 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ పోస్టు ఇచ్చింది, నిఖత్ జరీన్‌కి, సిరాజ్‌కి 2024లో తెలంగాణ డీఎస్పీ పోస్టులు ఇచ్చింది. వాళ్ళ కష్టానికి అది న్యాయమైన గౌరవమే, ఒక్క మాట కూడా అనను. కానీ గౌరవం వేరు, క్రీడల పని అప్పజెప్పడం వేరు. రెవెన్యూ, పోలీసు పోస్టులిస్తే వాళ్ళకి ఆట మీద ఉన్న జ్ఞానం జిల్లా స్టేడియం దాకా రాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ షూటింగ్‌లో సిల్వర్ గెలిచిన రాజ్యవర్ధన్ రాథోడ్ 2017లో కేంద్ర క్రీడామంత్రి అయ్యాడు, రెండేళ్ళు తిరక్కుండానే మారిపోయాడు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో పేరున్న క్రీడాకారులకి చోటు తప్పనిసరి చేసింది, అది మంచి మొదలు. రాష్ట్రాల్లో మాత్రం రిటైరైన ఆటగాళ్ళని చదివించి, జిల్లాల్లో పని చేయించి, పదేళ్ళ తర్వాత పెద్ద కుర్చీ ఇచ్చే దారి ఇంకా లేదు. నేనడిగేది ఆ దారి.

సుజుకి ఒక్కడి విషయంలో అదృష్టం కలిసొచ్చిందని అనుకుంటారేమో, అది కాదు. ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడటంతో ఆయన 2020 సెప్టెంబర్‌లో ఆటలు చూడకుండానే దిగిపోయాడు. తర్వాత వచ్చిన కోజి మురొఫుషి ఏథెన్స్‌లో హ్యామర్ త్రో గోల్డ్ మెడలిస్ట్, ఆయనా డాక్టరేట్ చేసి యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసినవాడే. 2025 అక్టోబర్ నుంచి కమిషనర్ జునిచి కవాయ్. పదిహేనేళ్ళకే చూపు పూర్తిగా పోయింది, పారాలింపిక్స్ ఈతలో 21 మెడల్స్ గెలిచాడు, తన సొంతూరి జూనియర్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా పాఠాలు చెప్పాడు, తర్వాత జపాన్ పారాలింపిక్ కమిటీకి అధ్యక్షుడిగా చేశాడు. ఇన్ని పనులు చేశాకే ఆ కుర్చీ ఇచ్చారు.