880 డాలర్ల గది 2,226 డాలర్లు ఎలా అయింది: మాల్దీవులకి మొదటిసారి వెళ్లేవాళ్ల లెక్క

నమస్తే అండి. మీరు రాసింది ఇదీ: మీరు, మీవారు, ఆరేళ్ల పాప, ముగ్గురికీ ఇదే మొదటి ఫారిన్ ట్రిప్, డిసెంబర్ ఆఖరి వారం మాల్దీవులు, రిసార్ట్ గది రాత్రికి 220 డాలర్లు చొప్పున నాలుగు రాత్రులు, ఫ్లైట్ టికెట్లు 75 వేలు, చేతిలో 2.5 లక్షలు ఉన్నాయి, ఒకవేళ తగ్గితే నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవాలా లేక ఉన్న ఒక్క 4 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా అని.

ఈఎంఐ సంగతి తర్వాత చెప్తా, ముందు రిసార్ట్ వాళ్లు పంపిన మెయిల్ మళ్లీ తెరవండి. 220 పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి చూశారా? మీ లెక్క తప్పింది అక్కడే. ఒక ప్లస్ సర్వీస్ చార్జ్, 10 శాతం. రెండోది టూరిజం జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం, అది కూడా సర్వీస్ చార్జ్ కలిపిన మొత్తం మీద వేస్తారు. అంటే నాలుగు రాత్రుల 880 కాస్తా 968 అయి, దాని మీద 17 శాతం పడి సుమారు 1,132 అవుతుంది. ఆ పైన గ్రీన్ ట్యాక్స్, రిసార్టుల్లో మనిషికి రోజుకి 12 డాలర్లు, రెండేళ్లలోపు పిల్లలకి మాత్రమే మినహాయింపు కాబట్టి పాపకీ కట్టాలి, ముగ్గురికి నాలుగు రోజులకి 144. ఇక అసలు దెబ్బ సీప్లేన్, అంటే ఎయిర్‌పోర్ట్ నుంచి రిసార్ట్ దీవికి తీస్కెళ్లే, నీళ్ల మీద దిగే చిన్న విమానం: మీ మెయిల్ కింద చిన్న అక్షరాల్లో ఉంది, రానుపోను పెద్దవాళ్లకి 380, పిల్లలకి 190, ముగ్గురికి 950. అన్నీ కలిపితే 2,226 డాలర్లు. డాలర్ 90 రూపాయలుగా వేస్కుంటే 2 లక్షలు, ఫ్లైట్లతో 2.75 లక్షలు, ఇందులో ఇంకా మధ్యాహ్నం భోజనాలు లేవు, పడవ ఎక్కి డాల్ఫిన్లు చూడ్డం లేదు, పైగా 31 రాత్రి గాలా డిన్నర్ (న్యూఇయర్ విందు) తప్పనిసరి అని రాశారు, అది తిన్నా తినకపోయినా బిల్లులో పడుతుంది.

సీప్లేన్ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి టికెట్లు కొన్నాకే తెలుస్తుంది. అవి పగటి వెలుగులోనే ఎగురుతాయి. మీ ఫ్లైట్ మాల్దీవుల్లోని వెలానా ఎయిర్‌పోర్ట్‌లో మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టం. నా క్లయింట్ ఒకాయన చవగ్గా వచ్చిందని సాయంత్రం ఐదింటికి దిగే టికెట్లు కొన్నారు, ఆ రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర్లోని హుల్‌హుమాలేలో హోటల్ తీస్కున్నారు, రిసార్ట్‌లో అదే రాత్రికి ముందే డబ్బు కట్టేశారు, ఆ డబ్బు తిరిగి రాలేదు. టికెట్లో మిగిల్చిందానికి రెండింతలు పోయింది ఆయనకి. కాబట్టి ముందు ఎయిర్‌పోర్ట్ నుంచి రిసార్ట్‌కి తీస్కెళ్లే ట్రాన్స్‌ఫర్ టైమింగ్ రిసార్ట్‌ని అడిగి రాతలో తీస్కోండి, ఆ తర్వాతే ఫ్లైట్ బుక్ చేయండి. సామాను కూడా మనిషికి 20 కిలోలు, చేతి బ్యాగ్ 5 కిలోలు, దాటితే డబ్బు కట్టాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు అండి. మీ ఇంట్లో ఒకరి జీతం మీదే నడుస్తోందని మీరే రాశారు, ఆ 4 లక్షలు ఉద్యోగం పోయినా, ఆస్పత్రి పాలైనా మిమ్మల్ని నిలబెట్టే డబ్బు. నో కాస్ట్ ఈఎంఐ కూడా వద్దు, వడ్డీని డిస్కౌంట్ రూపంలో తిరిగిస్తారు గానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి, పైగా ఒకేసారి కట్టేవాళ్లకి వచ్చే తగ్గింపు పోతుంది.

మరి వెళ్లొద్దా అంటే, వెళ్లండి, తప్పకుండా వెళ్లండి, పాప ఆ నీళ్లు చూడాలి. నేనైతే ఇలా మారుస్తా. డిసెంబర్ ఆఖరు బదులు ఏప్రిల్ ఆఖరు, అప్పటికి పాపకి సెలవులు కదా, వర్షాలు మే నుంచి గట్టిగా మొదలవుతాయి కాబట్టి సముద్రం ఇంకా బాగానే ఉంటుంది, క్రిస్మస్ న్యూఇయర్ రేట్లు ఉండవు. రిసార్ట్ బదులు స్థానిక జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్, మాఫుషి లాంటి చోట, ఎయిర్‌పోర్ట్ నుంచి స్పీడ్‌బోట్‌లో ముప్పావు గంట లోపే. గది రాత్రికి 80 డాలర్లు అనుకుంటే నాలుగు రాత్రులకి సర్వీస్ చార్జ్, జీఎస్టీ కలిపి 412, 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లో గ్రీన్ ట్యాక్స్ సగమే, 6 డాలర్లు, అంటే 72. మొత్తం 484, సుమారు 44 వేలు. ఒక రోజు దగ్గర్లోని రిసార్ట్‌కి డే పాస్ తీస్కోండి, మీరు ఫొటోలో చూసి ఇష్టపడ్డ ఆ నీళ్లు, ఆ ఇసుక, పూల్ అన్నీ అనుభవిస్తారు, రాత్రి గది అద్దె, సీప్లేన్ లేకుండా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ దీవుల్లో మద్యం నిషేధం, ఈత దుస్తులు కేటాయించిన బీచ్‌లోనే. అదేమీ ఇబ్బంది కాదనే అనుకుంటున్నా.

చిన్న చిన్నవి కొన్ని. వీసా దిగాక ఉచితంగా ఇస్తారు, రిటర్న్ టికెట్, బుకింగ్ చూపించాలి. దానికి ముందు ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ఆన్‌లైన్ డిక్లరేషన్ నింపాలి, అదీ ఉచితమే, డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా డాలర్లలోనా అని మెషిన్ అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన రేటు పడుతుంది. మీ కార్డు ఫారెక్స్ మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంక్ వేసే అదనపు చార్జ్) ఎంతో బ్యాంక్‌ని అడగండి, చాలా కార్డులకి 3 శాతం పైనే ఉంటుంది, ఆపైన జీఎస్టీ. చిన్న డాలర్ నోట్లు పట్టుకెళ్లండి, వాళ్ల కరెన్సీ రఫియా డాలర్‌కి సుమారు 15.42, కానీ మిగిలిన రఫియాలు బయట దేశాల్లో మారవు, అందుకని ఎక్కువ మార్చొద్దు. ప్యాకేజీగా కొంటే టూర్ ఆపరేటర్ టీసీఎస్, అంటే ముందుగానే తీస్కునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు, అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు కాబట్టి దాన్ని కూడా బడ్జెట్‌లో వేస్కోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం వదలొద్దు, మెడికల్ ఎవాక్యుయేషన్ ఉన్నది తీస్కోండి, దీవి నుంచి పెద్దాసుపత్రికి పడవలోనో విమానంలోనో వెళ్లాలి.

ఈ లెక్కన ఫ్లైట్లు, గది, పడవలు, తిండి, డే పాస్, ఇన్సూరెన్స్ అన్నీ వేసినా మీ 2.5 లక్షల్లోనే సరిపోవాలి, ఎఫ్‌డీ జోలికి వెళ్లక్కర్లేదు. ఏప్రిల్ దాకా నెలకి ఐదు వేలు వేరే అకౌంట్లో వేస్తూ పోండి, ఆ డబ్బుతో అక్కడ పాపకి స్నార్కెలింగ్ చేయించండి, మాస్క్ మాత్రం తన మొహానికి సరిపోయేది ఇక్కడే కొని బకెట్ నీళ్లలో ఒకసారి ప్రాక్టీస్ చేయించి తీస్కెళ్లండి.