పాఠకుల ప్రశ్నలు: మంచు మీద ప్రేమ

ప్రశ్న: ఐస్ డాన్స్ (స్కేట్లు వేసుకుని మంచు మీద జంటగా చేసే నృత్యం) పోటీల నేపథ్యంలో సాగే ఒక నవల చదివాను. ప్రాణంగా ప్రేమించుకున్న ఇద్దరు పతకం కోసం ఒకరినొకరు అంతగా గాయపరచుకోవడం నమ్మదగినదేనా?
– ఒక పాఠకురాలు, అద్దంకి

జవాబు: నాకు నమ్మదగినదిగానే తోచింది, ఎందుకంటే కలహానికి బీజం ఆ క్రీడలోనే ఉంది. జంట స్కేటింగ్ అనే మరో పోటీలో ఉండే విసురు జంపులు, అంటే భాగస్వామిని గాలిలోకి విసిరే గెంతులు, ఐస్ డాన్స్‌లో ఉండవు. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా, ఒకే లయలో అడుగులు వేయాలి. ఆ దగ్గరితనంలో ఒకరి బ్లేడు మరొకరికి తగలకుండా మడమ వైపు కొనను మామూలు స్కేట్ కంటే పొట్టిగా చేస్తారు. మీ ప్రాంతపు బండలాగుడు పందేల్లో కాడి కింది జతలో ఒక గిత్త తడబడితే రెండోదాని బలమూ వృథా అవుతుంది కదా, ఇక్కడా అంతే. మార్కులు ఇద్దరికీ కలిపే వేస్తారు కనుక, భాగస్వామి పొరపాటును క్షమించడానికి ప్రేమ ఒక్కటే చాలదు.

అయితే ప్రణయం ఉంటేనే గెలుపు అనుకోవద్దు. 1984లో సారాయెవో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన బ్రిటన్ స్కేటర్లు టోర్విల్, డీన్ జంట ‘బొలెరో’ సంగీతానికి చేసిన నృత్యంలో కళాత్మకతకు న్యాయనిర్ణేతలు తొమ్మిదిమందీ అప్పటి గరిష్ఠ మార్కు 6.0 ఇచ్చారు. మంచు మీద అంత ప్రణయాన్ని పండించిన ఆ ఇద్దరూ దంపతులు కారు. మీరు చదివిన నవలలోని జంట విషాదమల్లా, ఆ అభినయానికీ తమ బతుకుకీ మధ్య గీత గీసుకోలేకపోవడమే.