టూరిస్టు వీసా మీద పని మాత్రం వద్దమ్మా

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. బీకాం అయ్యాక బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేస్తున్నాను. లక్షా అరవై వేలు దాచుకున్నాను. రెండేళ్లపాటు దేశాలు తిరగాలని ఉంది. మధ్యలో అక్కడక్కడా పని చేసుకుంటూ ఖర్చులు వెళ్లదీసుకోవాలని ఆలోచన. ద్వారకానగర్‌లో ఒకాయన లక్షన్నర కడితే టూరిస్టు వీసా మీద బ్యాంకాక్ పంపి, డేటా ఎంట్రీ పని ఇప్పిస్తానంటున్నారు. నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ లక్షన్నర కట్టకండి. ఇందులో మీ నాన్నగారి మాటే నా మాట.

2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మీరూ వినే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ గదుల్లో పెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. మీకు చెప్పిన పని కూడా అలాంటిదేనని నేను అనను. కానీ టూరిస్టుగా దిగి జీతానికి కూర్చుంటే అది అక్కడి చట్టం ప్రకారం నేరం. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా పోలీసుల దగ్గరికి వెళ్లడానికి మీకే భయం. ఆ భయమే అలాంటివాళ్లకు పెట్టుబడి. పైగా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆయన లైసెన్సు నంబరు అడిగి ఆ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి.

పొలంలో నాలుగు గంటలు పని చేస్తే తిండి, పడక ఉచితం అనే ఏర్పాట్లు కూడా ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. డబ్బు చేతికి రాకపోయినా చాలా దేశాలు దాన్నీ పనిగానే లెక్కగడతాయి. వెళ్లే దేశం నిబంధన చూడకుండా ఒప్పుకోకండి.

అలాగని మీ కోరికను నేను తేలిగ్గా తీసేయడం లేదు. ఊరికే కలలు కంటూ కూర్చోకుండా జీతంలోంచి ఇంత వెనకేసిన అమ్మాయి వెళ్లాలి, వెళ్లి తీరాలి. తిరుగుతూ పని చేసుకోవడానికి మన పాస్‌పోర్టుకు సక్రమమైన దారులు ఇప్పుడున్నాయి. కొన్నేళ్ల కిందట ఇవి లేవు.

ఒకటి ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా, 462 తరగతి. 2024 నుంచి భారతీయులకు ఏటా 1,000 ఇస్తున్నారు. 18 నుంచి 30 ఏళ్ల వయసువారికి, లాటరీ పద్ధతిలో. పేరు నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లే. ఎంపికయ్యాక 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. ఖాతాలో 5,000 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు మూడు లక్షలు, తిరుగు టికెట్ డబ్బు చూపించాలి. ఏడాది ఉండొచ్చు. ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలు మించి చేయకూడదు. తిరగాలనుకునే మీకు ఆ షరతు అడ్డేమీ కాదు. 2025 జూలైలో అక్కడి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు చేశారు. పండ్ల తోటల్లో కోసినదాన్ని బట్టి కూలి అన్నా, 2022 నుంచి ఆ కనీసం తగ్గకూడదు. మీరైతే తోటల కన్నా డార్విన్ వైపు హోటళ్లు చూసుకోండి. మే నుంచి అక్టోబరు వరకు అక్కడ వానలుండవు, పర్యాటకులు వస్తారు, హోటళ్లకు మనుషులు కావాలి.

రెండోది బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. ఏటా 3,000 మందికి, రెండేళ్లు. డిగ్రీ ఉండాలి, మీకుంది. లాటరీలో పేరు వేయడం ఉచితం. 2,530 పౌండ్లు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. వీసా ఫీజు కాక, అక్కడి ప్రభుత్వ వైద్యానికి ఆరోగ్య సర్‌చార్జీ ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకూ ముందే కట్టాలి. చాలామంది ఈ లెక్క మర్చిపోయి చివర్లో అప్పులకు పరుగెడతారు.

రెండింట్లోనూ పేరు వేయండి, వయసున్నంత వరకు ప్రతిసారీ వేయండి. కానీ లాటరీ కోసం జీవితాన్ని ఆపకండి. పోటీ పదుల వేలల్లో ఉంటుంది.

అందుకే మీ చేతిలో ఉన్న అసలు దారి క్రూయిజ్ ఓడలంటాను. కాంట్రాక్టు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. తిండి, బస ఓడలోనే, కాబట్టి జీతంలో ఎక్కువ భాగం మిగులుతుంది. కాంట్రాక్టు పూర్తయ్యాక ఇంటికి టికెట్ కంపెనీ బాధ్యత. ఇక్కడ మాత్రం భ్రమ వద్దు. వారంలో సెలవంటూ ఉండదు, రోజుకు పది గంటలు నిలబడే పని, రేవులో దిగడానికి దొరికేది కొద్ది గంటలే. ఓడ ఉద్యోగం తిరగడం కాదు, తిరగడానికి డబ్బు సంపాదించడం. రెండు కాంట్రాక్టుల మధ్య దొరికే వారాల్లో వియత్నాం, శ్రీలంక లాంటి చవక దేశాలకు టూరిస్టుగా, పని ఊసే లేకుండా హాయిగా వెళ్లిరండి. కావాల్సినవి: బేసిక్ సేఫ్టీ శిక్షణ, ఓడ ఉద్యోగులకిచ్చే గుర్తింపు పుస్తకం సీడీసీ, వైద్య పరీక్ష. నియామకం కేంద్ర నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే నియామక లైసెన్సు, అంటే ఆర్‌పీఎస్‌ఎల్ ఉన్న సంస్థ ద్వారానే జరగాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర ఫీజు తీసుకోవడాన్ని అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందమే నిషేధించింది. ఎవరైనా అడిగారంటే అది మోసమే.

మీ నాన్నగారికి ఈ కాగితాలన్నీ చూపించండి. ఆయన భయం మీరు తిరగడం గురించి కాదనుకుంటాను, ఎవరి చేతిలో పడతారోనని. యజమాని పేరు, కాంట్రాక్టు, వీసా తరగతి ఆయన కళ్లముందు ఉంటే మాట మారొచ్చు.

హోటల్ ఉద్యోగం ఇప్పుడే మానకండి. కొన్ని నెలలు రెస్టారెంటు విభాగంలోకి మార్చమని మేనేజర్‌ని అడగండి. ఓడల్లో ఫ్రంట్ ఆఫీసు కన్నా వడ్డన, బార్ ఖాళీలే ఎక్కువ. వెళ్లేటప్పుడు ఏ విభాగంలో ఎన్ని నెలలు చేశారో రాసిన అనుభవ పత్రం లెటర్‌హెడ్ మీద తీసుకోండి.