స్పై హీరో చనిపోయే సినిమాలు మనల్ని ఎందుకు వదలవు?

"మామూలు హీరో చనిపోతే రెండ్రోజుల్లో మరిచిపోతాం, అదే అండర్‌కవర్ గూఢచారి చనిపోతే ఏండ్ల తరబడి గుర్తుంటాడు, ఎందుకు?" అని ఆన్‌లైన్‌లో ఒకరు అడిగినారు. జవాబిచ్చినోళ్లందరూ దేశభక్తి, త్యాగం అని రాసేసినారు. నేనైతే ఒప్పుకోను. త్యాగానికే ఏడ్చేటట్లయితే మా సీమ మీద తీసిన ఫ్యాక్షన్ సినిమాలు చూసి జనాలకు ఈ పాటికి కండ్లు పోయుండాల. ఒక్కో సినిమాలో సుమోలు గాల్లోకి లేస్తాయి, మనుషులు కుప్పలుగా పోతారు, వాళ్లలో ఒక్కని పేరు చెప్పండి చూద్దాం. (మేం నిజంగానే అట్ల తిరుగుతామని హైదరాబాద్‌లో ఇప్పటికీ అనుకుంటారు, రూమ్ అద్దెకు అడిగితే "కడపా?" అని ఒక చూపు చూస్తారు, ఆ బాధ ఇంకోసారి రాస్తా.) అయితే ఆ సినిమాల్లో పోయిన నాయనకు హాల్లో ఇంత పెద్ద ఫొటో ఉంటుంది, దానికి దండ, ముందర దీపం, కొడుకు దాని ముందర నిలబడి శపథం చేస్తాడు, పగ తీరుస్తాడు, లెక్క సరిపోతుంది. గూఢచారికి ఆ దండ పడదు. వాడు చచ్చేది వేరేవాని పేరు మీద, దొంగ అనో ద్రోహి అనో. ఇంట్లోవాళ్లకే తెలీదు. ఇంతే, నా లెక్కలో ఇంకో కారణం లేదు.

ఇది నాకు తెలిసొచ్చింది మా మేనమామ వల్ల. ఆయన స్టేషన్ రైటర్‌గా చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాడు, సర్వీసంతా రికార్డులు రాసిన మనిషి. ఒక ఎండాకాలం రాత్రి కడపలో వాళ్లింట్లో 'ఇన్‌ఫర్నల్ అఫైర్స్' పెట్టినా, 2002లో వచ్చిన హాంకాంగ్ సినిమా, దాన్నే హాలీవుడ్ డైరెక్టర్ స్కోర్సేసీ 'ది డిపార్టెడ్' అని మళ్లీ తీస్తే ఆస్కార్ కొట్టింది. సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో ఉంటే మామకు నేనే తెలుగులో చెప్తా ఉన్నా. ఒక పోలీసు ఏండ్లుగా గ్యాంగులో దొంగవేషంలో ఉంటాడు, గ్యాంగు మనిషి ఒకడు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. మనోడు పోలీసని ఒక్క ఆఫీసరుకే తెలుసు, ఆ ఆఫీసర్నేమో మిద్దె మీద నుంచి తోసేస్తారు. నాకు గుండె జారిపోయింది, మామ మాత్రం బొరుగుల గిన్నె పక్కన పెట్టి, "ఒరే, ఒగ ఆఫీసరుకే తెలుసంటే ఎట్లరా? వాని సర్వీసు రిజిస్టరు యాడుంది?" అన్నాడు. కంప్యూటర్లో ఫైలుందిలే మామా అన్నా. కాసేపటికి పోలీసుల్లో ఉన్న ఆ దొంగనాకొడుకు ఫైలే డిలీట్ కొడతాడు. మామ లేచి నిలబడినాడు. "అయిపాయ. ఇంగ వాడు సచ్చినట్లే" అన్నాడు. అప్పటికి హీరో బతికే ఉన్నాడు! లిఫ్టులో కాల్చి చంపేది ఆ తరవాత. లిఫ్టు తలుపు మూసుకోబోతుంది, శవానికి తగులుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ తగులుతుంది. నేను నోరు తెరిచి చూస్తా ఉంటే ఈయన, "కాయితం లేకుంటే వాళ్లింట్లోవాళ్లకు ఫ్యామిలీ పెన్షన్ ఎవురు శాంక్షన్ చేస్తార్రా?" అని అడుగుతాడు.

నవ్వొస్తుంది కదా. కానీ ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పెన్షనర్‌ను అడగండి. మనిషి ఎదురుగా కుర్చీలో కూచోనుంటాడు, వేలిముద్ర పడలేదు సార్, మళ్లీ రాండి అంటారు. వయసు మీదపడినోళ్ల వేళ్లకు గీతలు అరిగిపోతే ముద్ర యాడ పడుతుంది? బతికున్నోడే బతికున్నానని రుజువు చేసుకోవాల్సొస్తే, ఫైలు పోయిన స్పై గతేంది? మనందరికీ లోపల ఉండే భయం అదే, సావు కంటే పెద్దది.

ఆ సినిమాలో చివరికి వాని పాత కాగితాలు బయటపడతాయి, పోలీసు మర్యాదలతో సమాధి కట్టిస్తారు. ఆ సమాధి ముందర నిలబడి సెల్యూట్ కొట్టేది ఎవరు? ఫైలు డిలీట్ కొట్టినోడే. అదే సినిమాకు చైనాలో వేరే ఎండింగ్ పెట్టినారు, లిఫ్టు దగ్గరే ఆ దొంగను అరెస్ట్ చేసేస్తారు. న్యాయం జరిగింది, శుభం కార్డు. ఆ ఎండింగ్ కూడా చూసినా, పళ్లెం కడిగేలోపు మరిచిపోయినా.

సినిమా కథలే అంటారా, నూర్ ఇనాయత్ ఖాన్ సంగతి చూడండి. టిప్పు సుల్తాన్ వంశం, అంటే మా గుత్తిని, గుర్రంకొండను ఏలినోళ్ల పిల్ల. రెండో ప్రపంచయుద్ధం జరిగేటప్పుడు, 1943లో బ్రిటిష్ వాళ్ల తరఫున ప్యారిస్‌లో దొంగచాటుగా రేడియో నడిపింది, ఎవరో జర్మన్లకు పట్టించినారు. జర్మనీలో జైల్లో సంకెళ్లేసి ఒంటరిగా పడేస్తే, అన్నం గిన్నె అడుగున గీకి పక్క ఖైదీలకు తానెవరో తెలియజేసిందంట. ఆ గీకిన పేరు కూడా అసలుది కాదు, నోరా బేకర్ అని. 1944 సెప్టెంబర్‌లో నాజీల డాఖావ్ క్యాంపులో కాల్చేసినారు. ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే జార్జ్ క్రాస్ మెడల్ వచ్చింది 1949లో. నాకు ఆ కాల్పుల కంటే ఆ గిన్నె అడుగే ఎక్కువ గుర్తుంటుంది.

మన తెలుగులో ఇట్లాంటి క్లైమాక్స్ తీయరు, ఫ్యాన్స్ ఊరుకోరని భయం. ఒంట్లో నాలుగు తూటాలు దిగినా హీరో హాస్పిటల్‌లో కండ్లు తెరవాల్సిందే, హీరోయిన్ నవ్వాల్సిందే, ఎవరో పెద్దాఫీసర్ వచ్చి కొత్త మిషన్ చెప్పాల్సిందే, రెండో పార్ట్‌కు లీడు ఇయ్యాల్సిందే. పోయినేడాది ఇంటిల్లిపాదీ పోయి అట్లాంటిదొకటి చూసొచ్చినాం, పాప్‌కార్న్‌కే టికెట్ కంటే ఎక్కువైంది. సినిమా పేరు అడక్కండి.